ఒక గుంజ ఎక్కువ

ఆ గుంజ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

అంతసేపూ నేను దాన్ని గుంజ అనే అనుకున్నాను. అనుకోవడమేమిటి, గీశాను కూడా. ముదురు గోధుమ రంగులో కాస్త నీలం కలిపి, ఇంకా తడి ఆరని కాగితం మీద ఒకే ఒక్క గీతగా పైనుంచి కిందికి దించాను. ఆ పొద్దున నేను వేసిన గీతలన్నిటిలోకీ అదే కుదిరింది. పైన కొద్దిగా ముందుకు వంగి, మధ్యలో కాస్త లావై, కింద బురదలోకి కరిగిపోతున్నట్టు వచ్చింది. వెనక్కి వాలి చూసుకుని, ఫరవాలేదే, చెయ్యి తిరుగుతోంది అని మురిసిపోయాను.

అది మా వదిన.

మా ఆవిడకు సొంత అక్క. నదిలో, పాత రేవు గుంజల వరస చివర, మోకాళ్ళ దాకా బురదలో కూరుకుపోయి నిలబడి ఉంది. అవతల సముద్రంలో పోటు మొదలై నది వెనక్కి ఎక్కుతోంది. నీళ్ళు అప్పటికే ఆవిడ తొడల దాకా వచ్చాయి. పోటు పూర్తిగా ఎక్కితే ఆ చోట గుంజల తలలు కూడా కనిపించవని మాకు బాగా తెలుసు, ఎన్నో ఆదివారాలు అదే బొమ్మ వేశాం కనుక. గుంజలు మునగడం మా అందరికీ ఇష్టమైన దృశ్యం.

మా ఆవిడ పోయాక ఏడాదికి ఒక ఆదివారం వదిన మా ఇంటి తలుపు కొట్టింది. చేతిలో రంగుల డబ్బా, చంకలో ప్లైవుడ్ బోర్డు. ఆడపిల్లల బడిలో డ్రాయింగు టీచరుగా చేసి రిటైరైన మనిషి, ఎవర్ని చూసినా మూడో బెంచీలో కూర్చున్న పిల్లని చూసినట్టే చూస్తుంది.

"ఇంట్లో కూర్చుని గోడలకి కాపలా కాస్తే నీకు ఎవరూ జీతమివ్వరు మరిదీ. పద."

"నాకు బొమ్మలు రావు వదినా."

"వంట మాత్రం వచ్చా? ఏడాదిగా నీ వంట నువ్వే తింటున్నావు కదా. అలాగే ఇదీను."

అలా వెళ్ళాను. అప్పటికే అక్కడ ఆవిడ శిష్యులు ఇద్దరున్నారు. ఒకరు పళ్ళ డాక్టరు, భారీ మనిషి, మడత కుర్చీ కూర్చున్నప్పుడల్లా మూలుగుతుంది. ఆయన ఆకాశాలు నోరు పుక్కిలించినంత శుభ్రంగా ఉంటాయి. ఇంకొకరు టైలరమ్మ. బజారు వీధిలో కుట్టుమిషను దుకాణం ఆవిడది. నీటి రంగుల్లో తెలుపు రంగు ఉండదు, తెల్లగా ఉండాల్సిన చోట కాగితాన్ని వదిలెయ్యాలి. ఆ వదిలెయ్యడంలో టైలరమ్మను మించినవాళ్ళు లేరు. తెల్ల పిట్టల్ని జాకెట్టు మెడ కత్తిరించినంత చక్కగా కాగితంలో వదిలేది. నేను మందుల కంపెనీలో మాత్రల నాణ్యత పరీక్షించే ఉద్యోగం చేసి దిగిపోయినవాణ్ణి. నా బొమ్మలన్నీ మాత్రల్లాగే ఉండేవి, ఒకటి చూస్తే అన్నీ చూసినట్టే.

వదిన చెప్పే పాఠం ఒక్కటే. వారం వారం అదే చెప్పేది.

"పేరు పెట్టకండి. పడవ అని పేరు పెట్టారో, మీ బుర్రలో ఉన్న పడవ గీస్తారు, ఎదురుగా ఉన్నది గీయరు. కళ్ళు సగం మూయండి. ఇప్పుడక్కడ పడవా లేదు, చెట్టూ లేదు. ముదురుంది, లేతుంది. అంతే. ఆ రెండే వేయండి."

"మనుషులుంటేనో?" అని డాక్టరు అడిగాడొకసారి.

"మనుషులు కూడా అంతే డాక్టరుగారూ. మీరు నోట్లో చూసేటప్పుడు మనిషిని చూస్తారా, పన్నుని చూస్తారా?"

డాక్టరు కాసేపు ఆలోచించి, "పన్నునే," అని ఒప్పుకున్నాడు.

ఆ పాఠానికి ఒక చివర ఉంది. బొమ్మ అంతా అయ్యి, పూత ఆరాక, అప్పుడు కళ్ళు పూర్తిగా తెరిచి చూడాలి. మొత్తం బొమ్మకి రెండో మూడో చిన్న వివరాలు పెట్టాలి. ఒక మేకు, ఒక తాడు, ఒక పిట్ట ముక్కు. అంతకు మించి పెడితే చెయ్యి విరగ్గొడతానని బెదిరించేది. అందుకే మేం ముగ్గురం గంటసేపు కళ్ళు చికిలించుకుని కూర్చుని, ఆఖరి నిమిషంలో ఒక్కసారి తెరిచేవాళ్ళం.

మమ్మల్ని కూర్చోబెట్టాక ఆవిడ తన దారిన తాను రెల్లు దాటి ఎగువకు వెళ్ళిపోయేది. ఎక్కడ కూర్చుంటుందో మేం చూడకూడదు, వెంట రాకూడదు. "నా భుజం మీంచి తొంగి చూస్తే నా బొమ్మే మూడు వంకరల్లో తయారవుతుంది" అనేది. మధ్యాహ్నం తిరిగొచ్చి మా బొమ్మలు చూసి తిట్టేది. కాబట్టి ఆ రోజు ఆవిడ కనబడకపోవడం మాకు మామూలే.

ఆ రోజు సన్నటి తుంపర పడి ఆగింది. వదిన ఒంటి మీద మట్టిరంగు వానకోటు, దానికో టోపీ. కాళ్ళకు రబ్బరు బూట్లు. నది బాగా వెనక్కి తీసింది. ఒడ్డు నుంచి సగం దాకా బురద, పాలిష్ పెట్టినట్టు మెరుస్తోంది. దాని మధ్య నుంచి పాత రేవు గుంజలు, ఒకటి నిటారుగా, ఒకటి వాలి, ఒకటి విరిగి. మేం దిగువన ఒడ్డు మీద కూర్చున్నాం. గాలి మా వీపుల మీంచి నదిలోకి వీస్తోంది. కాగితాలు ఎగరకుండా నాలుగు పక్కలా టేపు వేసుకున్నాం.

మొదటి పూత వేస్తూ టైలరమ్మ అంది, "ఇవాళ ఒకటి ఎక్కువున్నట్టుందే."

"ఏంటి?" అన్నాడు డాక్టరు.

"గుంజ. ఆ చివర."

డాక్టరు కళ్ళు చికిలించి చూశాడు. "ముసలి చిగుళ్ళలో కొత్త పన్ను మొలిచిందేమో. ఒకసారి రమ్మనండి, ఎక్స్‌రే తీద్దాం."

అందరం నవ్వాం. డాక్టరు నవ్వితే పక్క ఊరికి వినబడుతుంది. నేను కూడా నా వంతు ఒక మాట వేశాను. "లెక్కపెట్టకండమ్మా. టీచరుగారు వింటే తంతారు."

ఆ మాట అన్నది నేనే. ఈ రోజుకీ నా నోట్లో దాని రుచి ఉంది.

తర్వాత ముగ్గురం ఆ గుంజను గీశాం. చక్కటి గుంజ. వరసకు ఒక ముగింపులా, సరిగ్గా ఎక్కడ ఒక ముదురు గీత కావాలో అక్కడ నిలబడింది. పోటు మొదలై నీళ్ళు ఎక్కుతుంటే, దాని కింది భాగం తడి బ్రష్‌తో మెత్తబరిచాను. ఇంకా ఎక్కితే ఇంకాస్త మెత్తబరిచాను. గుంజ పొట్టి అవుతోందని గమనించాను. గమనించి, దానికి తగ్గట్టు బొమ్మ మార్చుకున్నాను.

పూత ఆరింది. ఇక వివరాలు పెట్టే వేళ. సన్న బ్రష్ తీసి, ఆ గుంజకి ఒక తాడు ముక్కో తుప్పు మేకో దొరుకుతుందా అని కళ్ళు పూర్తిగా తెరిచాను.

గుంజ పక్క నుంచి ఒక చెయ్యి లేచింది. పైకి వెళ్ళింది. ఏదో మెరిసింది. ఆ మెరిసిన దాన్ని కోటు అంచుకి రుద్ది, మళ్ళీ పైన పెట్టుకుంది.

నేను చూస్తూనే ఉన్నాను. చూసింది లోపలికి దిగడం లేదు. గుంజలు కళ్ళజోళ్ళు పెట్టుకోవు అన్న సంగతి నాకు తెలుసు. అయినా నా బుర్ర దాన్ని గుంజగానే పట్టుకుని వేలాడుతోంది. సన్న బ్రష్ ఇంకా గాలిలోనే ఉంది. దాని మొన నుంచి ఒక నీటి బొట్టు జారి బొమ్మ మీద పడింది. అయ్యో, ఆకాశం పాడైంది అనుకున్నాను. నిజంగా, ముందు ఆ మాటే అనుకున్నాను.

అప్పుడు నా నోట్లోంచి "వదినా" అని వచ్చింది. అరవలేదు. ఎదురుగా వంటింట్లో ఉన్న మనిషిని పిలిచినట్టు, మెల్లగా.

"ఎక్కడ?" అంది టైలరమ్మ, వెనక్కి తిరిగి చూస్తూ.

నేను బ్రష్‌తో చూపించాను.

టైలరమ్మ చూసింది. తన బొమ్మ వైపు చూసుకుంది. మళ్ళీ నది వైపు చూసింది. ఆవిడ మొహంలో రంగు దిగిపోవడం నాకు కనబడింది. డాక్టరు లేచాడు, కుర్చీ ఆయనతో పాటే లేచి పడింది. నేను ఒడ్డు దిగి పరుగెత్తాను. రెండో అడుగుకే మోకాలి దాకా బురదలో దిగిపోయాను. చల్లగా, మెత్తగా, నోరు మూసినట్టు మూసుకుంది. టైలరమ్మ వెనక నుంచి నా చొక్కా కాలరు పట్టి గుంజింది. ఒక చెప్పు లోపలే ఉండిపోయింది.

"ఆగండి అన్నయ్యగారూ. మీరూ దిగబడితే ఇద్దర్ని లాగాలి."

డాక్టరు ఫోనులో అగ్నిమాపక కేంద్రం వాళ్ళతో మాట్లాడుతున్నాడు. రోగులకి ఏం నొప్పుండదని చెప్పే గొంతు ఆయనది. ఆ గొంతు పోయింది. "రేవు దగ్గర... పాత రేవు, గుంజలున్న చోట. లేదు, పడవ కాదు. గుంజల చివర. మనిషండీ. మనిషి. గుంజ కాదు." అవతలివాళ్ళు గుంజ అని ఎందుకంటారు. ఆయన తనకు తానే చెప్పుకుంటున్నాడు.

టైలరమ్మ అప్పటికే మా మూడు బోర్డులూ ఒకదాని పక్కన ఒకటి పేర్చి, సంచుల పట్టీలు ఊడదీసి కడుతోంది. మా బొమ్మలు వాటి మీదే ఉన్నాయి, టేపుతో అతికి. ఎవరూ పీకలేదు, పీకే తీరిక లేదు. పాత రేవు కింద రాళ్ళుంటాయి, గుంజల పక్కన అడుగు నిలుస్తుంది. చివరి గుంజ దాకా ఆ రాళ్ళ మీద వెళ్ళొచ్చు. అక్కణ్ణుంచి వదిన ఉన్న చోటికి మెత్త బురద, దాని మీద నీళ్ళు.

"ఎవరు తేలిక?" అంది టైలరమ్మ.

డాక్టరు తన పొట్ట వైపు చూసుకున్నాడు. నేను బోర్డులు అందుకున్నాను.

గుంజ నుంచి గుంజకి పట్టుకుంటూ వెళ్ళాం. పాచి పట్టిన చెక్క, చేతులు జారుతున్నాయి. నీళ్ళు మా మోకాళ్ళ దగ్గరున్నాయి, తర్వాత తొడల దగ్గర. దగ్గరికి వెళ్ళేకొద్దీ ఆవిడ పెద్దదవుతోంది. దూరం నుంచి ఒక్క గీతలా ఉన్న మనిషికి వేళ్ళున్నాయి, చెవులున్నాయి, టోపీ కిందనుంచి తెల్ల వెంట్రుకలు వేలాడుతున్నాయి. నాకు అదొక వింతలా ఉంది. ఆవిడ నోరు కదులుతోంది, గాలికి మాట ఇటు రావడం లేదు.

చివరి గుంజ దగ్గర టైలరమ్మ నా చేతికి పెద్ద గొడుగు ఇచ్చింది, బొమ్మలు వేసేటప్పుడు నీడకి పాతుకునేది. ఏం చెయ్యాలో ఆవిడా చెప్పలేదు, నేనూ అడగలేదు. బోర్డుల మీద బోర్లా పడుకుని కాళ్ళతో వెనక్కి తన్నాను. మొదట బురద మీద జారింది, తర్వాత నీళ్ళలో తేలింది. నా ముక్కు నా బొమ్మకు ఆనుకుని ఉంది. నీళ్ళు ఎక్కి రంగులు లేచాయి. ఆకాశం, బురద, గుంజ, అన్నీ కలిసి నా గడ్డం కిందనుంచి పారిపోయాయి.

వదిన దగ్గరికి చేరేసరికి నీళ్ళు ఆవిడ పక్కటెముకల దాకా వచ్చాయి. పెదాలు నీలంగా ఉన్నాయి. పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి.

"వదినా. వదినా. వదినా."

"వినబడుతోంది. అరవకు," అంది.

నేను నోరు మూసుకున్నాను. ఆవిడ మొహం నా మొహానికి జానెడు దూరంలో ఉంది. కింది పెదవి ఎడమ పక్క కొంచెం లోపలికి తిరిగి ఉంటుంది ఆవిడకి. మా ఆవిడకీ అంతే. ఇద్దరిదీ వాళ్ళ అమ్మ పెదవి. మా ఆవిడ పోయిన దగ్గర్నుంచి నేను వదిన మొహం సరిగ్గా చూసింది లేదు. మాట్లాడేటప్పుడు చెవి వైపో భుజం వైపో చూసేవాణ్ణి. ఇప్పుడు తప్పించుకోవడానికి చోటు లేదు. ఆ పెదవి వణుకుతూ, "వెళ్ళిపో మరిదీ, నువ్వు కూడా ఎందుకు," అంది.

"బోర్డు పట్టుకోండి."

"కాళ్ళు రావడం లేదు. ఎంత లాగితే అంత దిగుతున్నాయి."

"లాగొద్దు. ఊరికే పట్టుకోండి. బరువంతా దీని మీద వేయండి."

ఆవిడ రెండు చేతులూ బోర్డు మీద వేసింది. నేను దిగి, ఒక చేత్తో బోర్డు పట్టుకుని తేలుతూ, గొడుగు కర్రని ఆవిడ బూటు పక్కనే బురదలోకి గుచ్చాను. ఎందుకలా చేశానో నాకు అప్పుడు తెలియదు. మాత్రలు పట్టేసిన సీసాలో సన్న కడ్డీ దూర్చి, పక్క నుంచి గాలి పోనిచ్చి వదులు చెయ్యడం నా ఉద్యోగంలో రోజూ చేసిన పని. చేతులు దాన్నే చేసి ఉంటాయి. కర్రని గుండ్రంగా తిప్పాను. నీళ్ళు ఆ సందులోకి దిగాయి. బుడబుడమని బుడగలు వచ్చాయి, కుళ్ళు వాసన.

"మెల్లగా మడమ ఎత్తండి. కాలు కాదు, మడమ. బూటు వదిలేయండి."

"కొత్త బూట్లు."

"వదినా."

"సరే సరే."

కుడి కాలు వచ్చింది. వచ్చినప్పుడు ఆవిడ మూలిగిన మూలుగు నేను మర్చిపోలేను. ఎడమ కాలి వంతు వచ్చేసరికి నీళ్ళు ఆవిడ మెడ దాకా ఎక్కాయి. నేను కర్ర గుచ్చడానికి తల ముంచాల్సొచ్చింది. లోపల ఏమీ కనిపించదు, గోధుమ రంగు చీకటి. చేత్తో ఆవిడ కాలు తడుముకుంటూ కిందికి వెళ్ళాను. పైకి లేచినప్పుడల్లా ఆవిడ ముక్కు నీటి మీద ఉందా లేదా అని చూశాను. మూడోసారో నాలుగోసారో లేచేసరికి ముక్కు లేదు.

తల తిప్పాను. ఆవిడ నా వెనక ఉంది. కాలు ఊడి వచ్చి, బోర్డు మీద బోర్లా పడి, దగ్గుతూ, నీళ్ళు కక్కుతూ ఉంది.

అప్పటికి ఒడ్డు మీద మనుషులున్నారు, ఎర్ర బండి ఉంది. చివరి గుంజ దగ్గర నుంచి ఎవరో మా వైపు తాడు విసిరారు. డాక్టరు ఛాతీ లోతు నీళ్ళలో నిలబడి, ఏడుస్తూ, ఆ తాడు రెండో కొస పట్టుకుని మా ఇద్దర్నీ లాగాడు. బరువున్న మనిషి ఉంటే ఎంత మంచిదో ఆ క్షణం తెలిసింది.

ఆసుపత్రిలో ఆవిడకి దుప్పట్ల మీద దుప్పట్లు కప్పారు. నాకూ ఒకటి ఇచ్చారు. నర్సు వేడినీళ్ళలో దూది ముంచి ఆవిడ గోళ్ళ సందుల్లో బురద తీస్తూ కూర్చుంది. ఆ పని ఎవరూ చెప్పలేదు, మందు చీటీలో ఉండే పని కూడా కాదు. అది చూస్తూ నేను మొదటిసారి ఊపిరి పూర్తిగా తీసుకున్నాను. డాక్టరూ టైలరమ్మా బట్టలు మార్చుకోవడానికి వెళ్ళారు. వార్డు కిటికీలోంచి మధ్యాహ్నం ఎండ మంచం కాళ్ళ దాకా వచ్చింది.

నర్సు వెళ్ళాక వదిన కళ్ళు తెరిచింది.

"రెల్లు అవతల కూర్చుందామనే వెళ్ళాను," అంది. "బురద మీద వెలుగు బాగుంది. కిందికి దిగి చూస్తే ఇంకా బాగుంటుందనిపించింది. రాళ్ళున్నాయిలే అనుకున్నా. చివరి గుంజ దాటాక లేవు."

"మాట్లాడకండి వదినా. నిద్రపోండి."

"మొదట అరిచాను. గాలి మీ వైపు నుంచి నా వైపు వస్తోంది. నా అరుపు నాకే వినబడలేదు. మీ మాటలు మాత్రం నాకు బాగా వినబడ్డాయి."

నా చేతుల్లో దుప్పటి జారింది.

"డాక్టరు పన్ను అన్నాడు. అందరూ నవ్వారు. నువ్వేదో అన్నావు, అదొక్కటీ అందలేదు."

జారిన దుప్పటిని మళ్ళీ పైకి లాక్కున్నాను.

"అప్పుడు నువ్వు నా వైపు చూశావు," అంది. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "చెయ్యి చాపి, బ్రష్ నిలబెట్టి, ఒక కన్ను మూసి నన్ను కొలిచావు. తలకాయ నుంచి కింది దాకా. చూశాడు, ఇంక వస్తాడు అనుకున్నా. అరవడం మానేశాను. ఎందుకు ఇంకా అరవడం, చూశాడుగా. బ్రష్ దించి బొమ్మ మీదికి వంగావు. మళ్ళీ తలెత్తి చూశావు. మళ్ళీ వంగావు. ఆ పక్కన ఆవిడా అంతే, డాక్టరూ అంతే. ముగ్గురూ నన్నే చూస్తున్నారు. ఇంత శ్రద్ధగా నన్ను ఎప్పుడూ ఎవరూ చూడలేదు మరిదీ."

కిటికీ బయట ఎవరో స్ట్రెచరు చక్రాలు తోసుకుంటూ వెళ్ళారు. ఆ చప్పుడు నా తలలోంచి వెళ్తున్నట్టుంది. నాకు ఏడుపు రాలేదు. ఏదీ రాలేదు. చేతి వేళ్ళు దుప్పటి అంచుని మడతపెడుతున్నాయి, విప్పుతున్నాయి. నేను వాటిని చూస్తున్నాను.

"నువ్వేమన్నావు అప్పుడు?" అంది.

"ఎప్పుడు?"

"వాళ్ళు నవ్వినప్పుడు. చివర్న నువ్వేదో అన్నావు."

ఏదైనా చెప్పొచ్చు. గుర్తులేదు అనొచ్చు. ఆవిడ పెదవి వైపే చూస్తూ చెప్పాను. "టైలరమ్మ ఒక గుంజ ఎక్కువుందంది. లెక్కపెట్టకండి, టీచరుగారు తంతారు అన్నాను."

వదిన పైకప్పు వైపు చూపు తిప్పింది. దుప్పటి కింద ఆవిడ వణుకు మళ్ళీ మొదలైంది. నేను నా దుప్పటి కూడా తీసి ఆవిడ మీద కప్పాను. కప్పుతుంటే నా మణికట్టు పట్టుకుంది. నేను మంచం పట్టె మీద కూర్చున్నాను, అలాగే, సాయంత్రం నర్సు వచ్చి కసిరేదాకా.

మర్నాడు పొద్దున ఇంటికి పంపిస్తామన్నారు. డాక్టరు, టైలరమ్మ వచ్చారు. గుమ్మంలోనే ఆగిపోయి ఇద్దరూ నేల చూపులు చూస్తున్నారు. టైలరమ్మ చేతిలో వదిన కోసం కుట్టిన కొత్త చొక్కా, పైజామా మడత. కొలతలు తీసుకోకుండా కుట్టిందట.

"ఇటు చూడండి," అంది వదిన.

ఇద్దరూ చూశారు. కళ్ళు పెద్దవి చేసుకుని, రెప్ప కొట్టకుండా, పిల్లలు భయంతో చూసినట్టు.

"మరీ అంతగా అక్కర్లేదు," అంది.

వదిన ఆ బట్టలు వేసుకుని మంచం అంచున కూర్చుంది. మంచం ఎత్తు. కాళ్ళు గాలిలో వేలాడుతున్నాయి. రెండు పిక్కల మీదా బూటు అంచు కోసిన ఎర్ర చారలు. అప్పుడే ఎవరో నేల తుడిచి వెళ్ళారు. గచ్చు తడిసి, కిటికీ వెలుగుకి నిగనిగ మెరుస్తోంది.

"దిగండమ్మా, చక్రాల కుర్చీ గుమ్మంలో ఉంది," అంది నర్సు.

వదిన దిగలేదు. ఆవిడ చూపు గచ్చు మీద ఉంది. బొటనవేలు కిందికి చాపింది, అంగుళం దూరంలో ఆపేసింది, వెనక్కి లాక్కుంది. మెడ మీద నరం కొట్టుకోవడం నాకు కనబడింది. నర్సుకి అర్థం కాలేదు. మా ముగ్గురికీ అర్థమైంది. అర్థమై ఎవరం కదల్లేకపోయాం.

నేను చెప్పులు విడిచి వట్టి కాళ్ళతో ఆ తడి మీదికి వెళ్ళి, ఆవిడ ఎదురుగా నిలబడ్డాను. మడమతో ఒకసారి తన్ని చూపించాను.

వదిన నన్ను కిందనుంచి పైదాకా చూసింది. "నువ్వు తేలికవాడివి. నువ్వు నిలబడితే ఏం లెక్క. డాక్టర్ని నిలబడమను."

డాక్టరు బూట్లు విప్పాడు, మేజోళ్ళు విప్పాడు. వచ్చి నా పక్కన నిలబడ్డాడు. చాలదనుకున్నాడేమో, ఒకసారి పైకి గెంతాడు. కిటికీ అద్దాలు అదిరాయి. పక్క మంచం మీద మందుసీసా దొర్లింది.

"ఏంటండీ ఇది, వార్డులో గెంతులేంటి," అంది నర్సు. "మీరు డాక్టరని చెప్పారే."

"పళ్ళకి," అన్నాడు ఆయన.

వదిన నవ్వింది. నవ్వు మధ్యలో పళ్ళు మళ్ళీ టకటకలాడాయి, అయినా నవ్వింది. టైలరమ్మ ఒక చెయ్యి పట్టుకుంది, నేనొక చెయ్యి. ఆవిడ ముందు ఒక పాదం ఆనించింది. వేళ్ళు, తర్వాత మడమ. ఆగింది. రెండో పాదం పెట్టింది. కాసేపు అలాగే నిలబడి, మోకాళ్ళు కొంచెం వంచి, నేలని కిందికి నొక్కి చూసింది.

"గట్టిగానే ఉంది," అంది.

మా చేతులు మాత్రం వదల్లేదు.